ఓజీ కలెక్షన్లు: గ్రాస్ పోస్టర్ నుంచి బయ్యర్ షేర్ దాకా (అంకెలు మాత్రమే, ఫ్యాన్ వార్స్ వద్దు)

లెక్కల_మాస్టారు · 28 సెప్టెంబర్ 2025

పవన్ కల్యాణ్ సినిమా ఓజీ మెయిన్ థ్రెడ్‌లో మీమ్స్ మధ్య అంకెలు కొట్టుకుపోతున్నాయి. అందుకే లెక్కల కోసం ఇది వేరుగా తెరిచాను.

నిర్మాతల పోస్టర్ ప్రకారం మొదటి రోజు ప్రపంచవ్యాప్త గ్రాస్ 154 కోట్లు. 24 రాత్రి పడిన ప్రీమియర్లు కూడా అందులోనే ఉన్నాయి. వసూళ్ల అంచనాలు వేసే వెబ్‌సైట్ సాక్‌నిల్క్ లెక్కలో ఇండియా నెట్ ప్రీమియర్లకు 21 కోట్లు, విడుదల రోజు గురువారానికి 63 కోట్ల పైచిలుకు. నిన్నటి నుంచి ఒక బ్యాచ్ 154 పట్టుకుని, ఇంకో బ్యాచ్ 84 పట్టుకుని తిట్టుకుంటోంది. ఒకటి పన్నుతో కలిపిన ప్రపంచ గ్రాస్, ఇంకోటి పన్ను తీసేసిన ఇండియా నెట్. 84కి 18 శాతం జీఎస్టీ కలిపితేనే దాదాపు వంద అవుతుంది. మిగతా 54 ఓవర్సీస్ అని తీసివేత చేసి పెట్టకండి. పోస్టర్ అంకె పుట్టిన చోటు వేరు, వెబ్‌సైట్ అంచనా పుట్టిన చోటు వేరు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే వచ్చే శేషానికి అర్థం లేదు.

ఒక్క టికెట్‌తో మొదలుపెడదాం. ఆంధ్రాలో ప్రభుత్వం అనుమతిచ్చిన రేటు పెంపు ఉన్న రోజుల్లో సింగిల్ స్క్రీన్ పై క్లాసు 272 (మామూలు రేటు 147, పెంపు 125). ప్రేక్షకుడు కట్టిన 272 గ్రాస్. దాన్ని 1.18తో భాగించండి, 230.51 వస్తుంది. అది నెట్. తేడా 41.49 జీఎస్టీ. నెట్‌లోంచి థియేటర్ అద్దె, మెయింటెనెన్స్ ఛార్జీ పోగా మిగిలేది డిస్ట్రిబ్యూటర్ (ఏరియా హక్కులు కొన్న బయ్యర్) షేర్. 272లో 18 శాతం అంటే 48.96 అని చాలామంది తీసేస్తున్నారు, అది తప్పు. టికెట్ రేటులో పన్ను ముందే కలిసి ఉంది కాబట్టి భాగించాలి.

బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ యాప్‌లు వేసే కన్వీనియెన్స్ ఫీజు గ్రాస్‌లో ఉండదు. త్రీడీ సినిమాలకు కళ్లద్దాల డబ్బు కూడా అంతే.

---

కుర్ర_పవనిజం · 28 సెప్టెంబర్ 2025

మాస్టారు, అయితే గ్రాస్‌లో 60 శాతం షేర్ అనుకోవచ్చు కదా? వసూళ్లు లెక్కగట్టే ట్రాకర్లంతా అదే వాడుతున్నారు.

---

లెక్కల_మాస్టారు · 28 సెప్టెంబర్ 2025

మొత్తం రన్ అయ్యాక సగటు అటూఇటూ అంత రావచ్చు తమ్ముడూ. ఒక్క రోజుకి మాత్రం ఆ అడ్డదారి పనికిరాదు. అద్దె స్థిరంగా ఉంటుంది, కలెక్షన్ స్థిరంగా ఉండదు. ఊహించిన ఉదాహరణతో చూపిస్తాను.

600 సీట్ల ఏసీ సింగిల్ స్క్రీన్. సులువుగా ఉండడానికి అన్ని సీట్లూ ఒకే రేటు అనుకో. రోజు అద్దె 40,000, మెయింటెనెన్స్ టికెట్‌కి 5 రూపాయలు.

మొదటి రోజు ఐదు ఆటలు, అన్నీ ఫుల్. 3,000 టికెట్లు, రేటు 272. గ్రాస్ 8,16,000. నెట్ 6,91,525. మెయింటెనెన్స్ 15,000, అద్దె 40,000 పోతే షేర్ 6,36,525. గ్రాస్‌లో 78 శాతం.

రెండో వారం నాలుగు ఆటలు, 30 శాతం ఆక్యుపెన్సీ (నిండిన సీట్లు), రేటు 147. 720 టికెట్లు, గ్రాస్ 1,05,840. నెట్ 89,695. ఖర్చులు పోతే షేర్ 46,095. అంటే 44 శాతం లోపే.

ఇంకో నాలుగు రోజులకి ఆక్యుపెన్సీ 10 శాతానికి పడింది అనుకో. 240 టికెట్లు, గ్రాస్ 35,280, నెట్ 29,898, మెయింటెనెన్స్ పోతే 28,698. అద్దె 40,000. ఇక్కడ షేర్ మైనస్ 11,302. దీన్నే డెఫిసిట్ పడింది అంటారు. ఆ రోజూ గ్రాస్ పోస్టర్‌కి 35 వేలు కలుస్తాయి, బయ్యర్ జేబులోంచి మాత్రం 11 వేలు పోతాయి. రెండో వారం తర్వాత గ్రాస్ పెరుగుతూనే ఉన్నా షేర్ కదలకపోవడానికి కారణం ఇదే. కొన్ని ఏరియాల్లో క్లోజింగ్ షేర్ (చివరికి తేలే మొత్తం) పదో రోజు షేర్ కన్నా తక్కువ తేలడం కూడా ఇందుకే.

---

గోదావరి_గట్టు · 28 సెప్టెంబర్ 2025

మాస్టారు చెప్పింది అద్దె థియేటర్ల సంగతండి. మా వైపు చిన్న ఊళ్లలో, అంటే బి, సి సెంటర్లలో మొదటి రోజు లెక్క వేరేగా నడుస్తుంది. అక్కడ మాట్లాడాల్సింది హైర్ల గురించి.

హైర్ అంటే డిస్ట్రిబ్యూటర్ ఆ థియేటర్‌కి ఒకటో రెండో రోజులు, లేదా కొన్ని ఆటలు, ఒక మొత్తానికి ఇచ్చేయడం. ఆ మొత్తం విడుదలకి ముందే చేతికొస్తుంది. ఉదాహరణకి చిన్న సెంటర్‌లో మొదటి రోజు 3 లక్షలకి హైర్ కట్టారు, టికెట్లు తెగి ఖర్చులు పోగా వచ్చింది 2 లక్షల 20 వేలు. 80 వేలు ఎగ్జిబిటర్ (థియేటర్ నడిపేవాడు) నష్టం. షేర్ పట్టికలో మాత్రం 3 లక్షలే పడుతుంది. అదే టికెట్ల మీద 3 లక్షల 60 వేలు వచ్చినా పట్టికలో 3 లక్షలే. అంటే హైర్ అంకె జనం ఎంతమంది చూశారో చెప్పదండి, విడుదలకి ముందు ఆ సినిమా మీద ఎంత నమ్మకం ఉందో చెబుతుంది.

అందుకే ఈస్ట్, వెస్ట్ గోదావరి, గుంటూరు మొదటి రోజు అంకెలు ఎవరు పెట్టినా, పక్కన "హైర్లు ఇన్ని లక్షలు" అని ఉందా లేదా చూడండి. హైర్లు కలిపిన మొదటి రోజుని హైర్లు లేని రెండో రోజుతో పోల్చి "70 శాతం డ్రాప్" అని రాసేవాళ్లు ఎక్కువైపోయారు. హైర్లు తీసేసి పోలిస్తే అసలు డ్రాప్ తెలుస్తుంది.

పాత రికార్డులతో పోల్చేటప్పుడూ అంతే. ఒక సినిమాకి ఏరియాలో సగం హైర్ల మీద వెళ్లి, ఇంకోదానికి ఓన్ రిలీజ్ (హక్కులు అమ్మకుండా నిర్మాతే విడుదల) చేసి పర్సంటేజీ (వసూలులో వాటా) మీద వెళితే ఆ రెండు మొదటి రోజులూ ఒక తక్కెడలో తూగవు.

---

క్రాస్‌రోడ్స్_కింగ్ · 29 సెప్టెంబర్ 2025

ఇగ నైజాం (తెలంగాణ) సంగతి. ప్రభుత్వ మెమో ప్రకారం 24 రాత్రి 9 గంటల ఆటకు 800, తర్వాత అక్టోబర్ 4 దాకా సింగిల్ స్క్రీన్‌కు 100, మల్టీప్లెక్స్‌కు 150 పెంపు. 2021 డిసెంబర్‌ల వచ్చిన జీవో 120 గరిష్ఠ రేట్లు ఏసీ సింగిల్ స్క్రీన్‌కు 150, మల్టీప్లెక్స్‌కు 250, వీటి మీద జీఎస్టీ. అట్ల 177, 295 అయితయి. పెంపు కలిస్తే 277, 445.

గని 24వ తారీఖు నాడే హైకోర్టు సింగిల్ జడ్జి పెంపును సస్పెండ్ చేసిండు, తర్వాత అప్పీలు నడిచింది. అందుకే తెలంగాణకు ఒక్కటే రేటు పట్టుకుని పది దినాలకూ గుణించుకుంట పోవద్దు అన్నా. ఆ ఆటకు బుకింగ్ పేజీల ఏ రేటు కనిపిస్తే గదే పెట్టి లెక్క తీయాలె. టికెట్ల లెక్క కావాలంటే స్క్రీన్‌షాట్‌ల రేటు, సీట్ మ్యాప్ రెండూ ఉండాలె. ఒకటే ఉంటే పనికిరాదు.

సీట్ మ్యాప్ చూసేటోళ్లకు ఇంకొకటి. బూడిద రంగుల ఉన్న సీట్లన్నీ అమ్ముడుపోయినయి గాదు. కౌంటర్‌కు ఆపినయి, థియేటర్ కోటా, ఫ్యాన్స్‌కు పక్కన పెట్టినయి, అన్నీ గదే రంగుల కనిపిస్తయి. గుర్తు పట్టాలంటే ఒకే ఆటను రెండుసార్లు చూడాలె: రెండు గంటల ముందు ఒకసారి, ఆట మొదలయ్యే పది నిమిషాల ముందు ఇంకోసారి. వరుసకు వరుస పలకలెక్క బూడిద ఉండి, చివర్ల ఒక్కసారే తెరుచుకుంటే అవి బ్లాక్ చేసిన సీట్లు. అక్కడొకటి ఇక్కడొకటి నిండుకుంట వస్తే అసలు అమ్మకం.

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల ఇంకో తిరకాసు. సుదర్శన్ 35, దేవి 70, సంధ్య 70 ఏవైనా కౌంటర్ టికెట్ల వాటా ఎక్కువ. ఆన్‌లైన్ మ్యాప్ చూసి సగం ఖాళీ అని పెడితే తప్పయితది. ఏఎంబీ, ప్రసాద్స్ అసొంటి మల్టీప్లెక్స్‌లల్ల దాదాపు అంతా ఆన్‌లైనే కాబట్టి అక్కడ మ్యాప్ నిజానికి దగ్గరుంటది.

---

కుర్ర_పవనిజం · 29 సెప్టెంబర్ 2025

అన్నా బుక్‌మైషోలో "గత గంటలో ఇన్ని వేల టికెట్లు" అని వస్తుంది కదా, దాన్ని 300తో గుణిస్తే గ్రాస్ రాదా?

---

క్రాస్‌రోడ్స్_కింగ్ · 29 సెప్టెంబర్ 2025

రాదు. ఆ గంటల తెగిన టికెట్లు ఏ రోజు ఆటకో తెల్వదు. ఆదివారం ఉదయం కొన్న టికెట్ సోమవారం ఆటకు కూడా కావొచ్చు. పైగా అది అన్ని రాష్ట్రాలదీ కలిపి, అన్ని రేట్లదీ కలిపి. ట్రెండ్ చూసుకోవడానికి మంచిదే: నిన్న ఇదే గంటకు ఎంత, ఇయ్యాల ఎంత, గంతే. దాన్ని కోట్లలకు మార్చకు.

---

సీడెడ్_లెక్క · 29 సెప్టెంబర్ 2025

ఏమప్పా, అందరూ గ్రాస్, నెట్ దగ్గరే ఆగిపోతాండారు. షేర్‌లోనే రెండు రకాలుండాయి, అది ఎవరూ చెప్పల్యా.

థియేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి షేర్ పోయేటప్పుడు దాని మీద ఇంకో 18 శాతం జీఎస్టీ వేసి పంపుతారు. ఎగ్జిబిటర్ దాన్ని టికెట్ల మీద వసూలు చేసిన పన్నులోంచి సర్దుకుంటాడు. కాబట్టి 10 కోట్ల షేర్ వచ్చిన చోట చేతులు మారేది 11 కోట్ల 80 లక్షలు. కొందరు ట్రాకర్లు 10 రాస్తారు, కొందరు "జీఎస్టీతో కలిపి" అని 11.80 రాస్తారు, ఇంకొందరు ఆ మాట ఎగరగొట్టి 11.80 మాత్రమే రాస్తారు. మూడో రకం దగ్గరే రికార్డులు బద్దలయ్యేది. నైజాంలో ఈ తేడా ఒక్క రోజుకే కోట్లలో ఉంటుంది.

బిజినెస్ అంకెకీ ఇదే తిరకాసు. హక్కులు కొన్నప్పుడు కట్టే అడ్వాన్స్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, 2021 అక్టోబర్‌కి ముందు అది 12. జీఎస్టీ లేని బిజినెస్‌ని జీఎస్టీ ఉన్న షేర్‌తో పోల్చితే సినిమా బ్రేక్ ఈవెన్ అవ్వకుండానే అయిపోయినట్టు కనపడుతుంది. రెండు వైపులా జీఎస్టీ లేకుండా పెట్టుకోవడమే మంచిది.

ఇంక "కొన్నాడు" అన్న మాట. ఎన్ఆర్ఏ అంటే తిరిగిరాని అడ్వాన్స్. షేర్ దానికన్నా తక్కువొస్తే నష్టం బయ్యర్‌దే. ఎక్కువొస్తే ఆ పైది, ఓవర్‌ఫ్లోస్ అంటారు, ఖర్చులు పోయాక బయ్యర్ తన కమీషన్ పట్టుకొని మిగిలింది నిర్మాతకి ఇస్తాడు. మామూలు అడ్వాన్స్ అయితే తగ్గిన మొత్తం నిర్మాత తిరిగివ్వాల, లేదా తర్వాత సినిమాలో సర్దుకోవాల. ఓన్ రిలీజ్ అయితే కొన్నవాడే లేడు, ఆ ఏరియాకి ట్రేడ్ వేసే విలువ ఊహ మాత్రమే. ఏ ఏరియా ఏ పద్ధతిలో పోయిందో తెలియకుండా "బయ్యర్ మునిగినాడు" అని రాయొద్దు. అడ్వాన్స్ మీద పోయిన చోట మునిగేది నిర్మాత.

బ్రేక్ ఈవెన్ అంటే షేర్ అడ్వాన్స్‌ని దాటడం ఒక్కటే కాదప్పా. లోకల్ పబ్లిసిటీ, క్యూబ్, యూఎఫ్ఓ (డిజిటల్ ప్రొజెక్షన్) ఛార్జీలు, ఆఫీసు, రెప్రజెంటేటివ్‌ల ఖర్చు కూడా రావాల.

---

మోడరేటర్ · 29 సెప్టెంబర్ 2025

వేరే హీరో సినిమాల ప్రస్తావన పోలికకి అవసరమైతే సరే. ఎత్తిపొడుపుకి అయితే పోస్టులు తీసేస్తున్నాం.

---

లెక్కల_మాస్టారు · 29 సెప్టెంబర్ 2025

సీడెడ్ గారి పోస్ట్ మొదటి పేజీలో పిన్ చేయాల్సినది.

అవసరమైన పోలిక ఒకటి నేనే పెడతాను. పుష్ప 2కి 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్‌కి తెలంగాణలో మామూలు రేటు మీద 800 పెంపు, దాని మీద జీఎస్టీ. సింగిల్ స్క్రీన్ 1,121, మల్టీప్లెక్స్ 1,239 పడింది. ఓజీకి అదే చోట మొత్తం టికెట్టే 800. ఆంధ్రాలో పుష్ప 2 ప్రీమియర్ 944, ఓజీ 1,000. కాబట్టి రెండు ప్రీమియర్ల గ్రాస్ పక్కపక్కన పెట్టి ఎవరికి జనం ఎక్కువ అని తేల్చడం కుదరదు. గ్రాస్‌ని రేటుతో భాగించి టికెట్ల లెక్కకి రండి, అప్పుడు పోల్చండి.

ఒక్క సినిమా లోపల కూడా ఇదే తేడా. ఆంధ్రా సింగిల్ స్క్రీన్‌లో ప్రీమియర్ టికెట్ 1,000, మరుసటి రోజు 272. ఒక్క ప్రీమియర్ ఫుల్ అయితే దాదాపు మూడున్నర మామూలు ఫుల్ ఆటల గ్రాస్‌ని మించిపోతుంది. మొదటి రోజు అంకెలో ఇది కలిసి ఉంటుంది. శుక్రవారం జనం అంతే వచ్చినా గ్రాస్ దబ్బున పడినట్టు కనిపిస్తుంది. ప్రీమియర్లని పక్కనబెట్టి గురువారం, శుక్రవారం పోల్చండి.

ఇంకో చిన్న విషయం, ఎవరూ పట్టించుకోవడం లేదు. సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్లకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పైవాటికి 18 అలాగే ఉంది. ఓజీ వచ్చింది ఆ తర్వాత మూడో రోజు. ఆంధ్రాలో కింది క్లాసు బేస్ 70 ఉన్న చోట 5 శాతంతో 73.50 అవుతుంది. పెంపు కలిసిన రోజుల్లో అదే టికెట్ వంద దాటుతుంది కాబట్టి 18 శాతం పడుతుంది. అంటే తగ్గిన పన్ను ఫలితం ఈ సినిమాకి కింది క్లాసుల్లో పెంపు ఎత్తేశాకే కనిపిస్తుంది. డీసీఆర్ (థియేటర్ రోజువారీ వసూలు రిపోర్ట్) కాపీలు ఎవరైనా పెడితే ఏ క్లాసుకి ఏ పన్ను వేశారో చూసి కూడండి, అన్నిటికీ 1.18తో భాగించకండి.

---

డల్లాస్_బావ · 30 సెప్టెంబర్ 2025

యూఎస్ గురించి అడుగుతున్నారు కాబట్టి.

ఇక్కడ లెక్క కొంత నయం. వసూళ్లు నమోదు చేసే కామ్‌స్కోర్, అంటే మనవాళ్లు ఇప్పటికీ రెంట్రాక్ అనే దాంట్లో, చైన్ థియేటర్ల అంకెలు గంటగంటకీ పడతాయి. అందులో లేని చిన్న లొకేషన్లు తర్వాత చేత్తో కలుపుతారు. అందుకే డిస్ట్రిబ్యూటర్ పోస్టర్‌కీ, రెంట్రాక్ అంకెకీ ఎప్పుడూ కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడా లొకేషన్ల సంఖ్యకి తగ్గట్టు ఉంటే మామూలే.

ప్రీసేల్స్ అంకెలతో జాగ్రత్త. అది టికెట్లు ముందే కొన్న డబ్బు. ఆట రద్దయితే రీఫండ్ అవుతుంది. డీసీపీ (థియేటర్‌కి పంపే డిజిటల్ కాపీ) ఆలస్యంగా చేరితే, కేడీఎం అంటే ఆ సర్వర్‌లో సినిమా తెరిచే తాళం టైముకి రాకపోతే, మొదటి ఆటలు రద్దవుతాయి. ఐమాక్స్‌కి డీసీపీ వేరు కాబట్టి ముందు దెబ్బతినేది అదే. ప్రీమియర్ రోజు ఉదయం నుంచి ప్రీసేల్స్ అంకె పెరగకుండా ఆగినా, తగ్గినా కారణం అక్కడ వెతకండి.

గురువారం అంకె చూసి కంగారు పడొద్దు. మొదటి రోజు చూడాలనుకునే వాళ్లంతా బుధవారం ప్రీమియర్‌కే వెళ్లిపోతారు. పైగా అది పని దినం. ఇక్కడ సినిమా బతుకుతుందో లేదో శనివారం మ్యాట్నీ చెబుతుంది, ఆ తర్వాత మంగళవారం డిస్కౌంట్ రోజు. మంగళవారం గ్రాస్ సోమవారం కన్నా గట్టిగా పైకి లేస్తే కుటుంబాలు ఇంకా వస్తున్నట్టు. లేవకపోతే రెండో వారం స్క్రీన్లు ఎగిరిపోతాయి, ఎందుకంటే చైన్లు తర్వాత వారం ఆటలు సోమ, మంగళవారాల్లోనే ఖరారు చేస్తాయి.

మిలియన్ డాలర్లని రూపాయల్లోకి మార్చేటప్పుడు కొందరు ఇంకా 83 దగ్గరే ఉన్నారు. 2025 సెప్టెంబర్ చివరికే 88 దాటింది. ఐదు మిలియన్లకి ఆ తేడా రెండున్నర కోట్లు. పాత సినిమా డాలర్ అంకెని ఈరోజు రేటుతో మార్చి పోల్చడం ఇంకా పెద్ద తప్పు. ఓవర్సీస్‌ని ఓవర్సీస్‌తో పోల్చాలంటే డాలర్లలోనే పోల్చండి. బయ్యర్ చేతికొచ్చేది గ్రాస్‌లో సగానికి అటూఇటూ మాత్రమే, అందులోంచే ప్రచారం ఖర్చు.

---

గోదావరి_గట్టు · 30 సెప్టెంబర్ 2025

సినిమాకి 'ఎ' సర్టిఫికెట్ కదండీ. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకొచ్చే కుటుంబాలకి మల్టీప్లెక్స్ గేటు దగ్గరే అడ్డం పడుతుంది. సింగిల్ స్క్రీన్లలో అంత పట్టింపు ఉండదు. మల్టీప్లెక్స్‌లలో మ్యాట్నీ తక్కువ, సెకండ్ షో బలంగా ఉంటే దానికి ఇదీ ఒక కారణమే. మార్నింగ్ షోకి, ఫస్ట్ షోకి తేడా చూసేటప్పుడు గుర్తు పెట్టుకోండి.

---

నెల్లూరు_పెద్దారెడ్డి · 1 అక్టోబర్ 2025

రేట్లు పెంచకుండా ఉంటే రెండో వారం బాగుండేది. 327 పెట్టి మల్టీప్లెక్స్‌కి నలుగురు పోవాలంటే పదమూడు వందలు టికెట్లకే అయిపాయ. ఆ నలుగురూ పదకొండో రోజు 177కి వస్తారనుకోవడం భ్రమ. అప్పటికి ఇంకో సినిమా వచ్చేస్తది.

---

సీడెడ్_లెక్క · 1 అక్టోబర్ 2025

రెడ్డిగారూ, మీ మాటలో సగం నిజం. బయ్యర్ వైపు నుంచి చూడండి. ఆ అడ్వాన్స్ పెట్టినప్పుడే పెంపు వస్తుందనే లెక్క వేసుకొని పెట్టినాడు. పెంపు లేకపోతే అడ్వాన్స్ కూడా తగ్గాల, నిర్మాత తగ్గించడు. మొదటి నాలుగు రోజుల్లో ఎంత లాగితే అంత అన్న లెక్క హక్కుల రేటులోనే ఉంది, టికెట్ దగ్గర పుట్టలేదు.

అయితే పెంపు ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా చెబుతా. హిట్ టాక్ ఉన్న సినిమాకి మొదటి వారం పెంపుతో నష్టం లేదు. మిక్స్‌డ్ టాక్ అయితే సోమవారం నుంచి పెంచిన రేటే శత్రువు. అప్పుడు జీవో గడువు దాకా ఆగకుండా థియేటర్లు తామే మామూలు రేటుకి దించుకోవచ్చు. జీవో ఇచ్చేది గరిష్ఠం, ఇంతకే అమ్మాలని కాదు. దించినారా లేదా అన్నది ఆ సెంటర్‌లో రన్ మీద బయ్యర్‌కి ఎంత నమ్మకముందో చూపించే గుర్తు. పోస్టర్ల కన్నా నేను దాన్నే చూస్తా.

---

నెల్లూరు_పెద్దారెడ్డి · 1 అక్టోబర్ 2025

హక్కుల రేటు సంగతి ఒప్పుకుంటా. దించమనే నేనూ చెప్పేది.

---

క్రాస్‌రోడ్స్_కింగ్ · 3 అక్టోబర్ 2025

నిన్న దసరా, గాంధీ జయంతి ఒక్కటే రోజు. కాంతార చాప్టర్ 1 కూడా నిన్ననే దిగింది. ఓజీ ఎనిమిదో రోజు గ్రాస్ చూసేటప్పుడు స్క్రీన్ల సంఖ్య పక్కన పెట్టుకోండి. మల్టీప్లెక్స్‌లల్ల పెద్ద ఆడిటోరియంలు కొత్త సినిమాకు పోతయి, పాతది చిన్న స్క్రీన్‌ల ఫుల్ అయితది. "అన్ని ఆటలూ ఫుల్" అన్నది అప్పుడు నిజమే, గని 120 సీట్ల ఫుల్. ఆక్యుపెన్సీ శాతం పెట్టినప్పుడు సీట్లు ఎన్నో కూడా రాయాలె.

సింగిల్ స్క్రీన్ల ఒప్పందం రెండు వారాలదైతే సినిమా ఆడకున్నా తీయరు. గా స్క్రీన్ దొరకక కొత్త సినిమానే వేరే థియేటర్ చూసుకుంటది. థియేటర్ల సంఖ్య తగ్గలేదు కాబట్టి సినిమా నిలబడ్డట్టు అని అనుకోవద్దు.

---

లెక్కల_మాస్టారు · 6 అక్టోబర్ 2025

4తో పెంపు గడువు అయిపోయింది. నిన్న ఆదివారం మామూలు రేట్లు. మొన్న శనివారం 272, నిన్న 147 ఉన్న థియేటర్‌లో గ్రాస్ సమానంగా నిలబడాలంటేనే టికెట్లు 85 శాతం ఎక్కువ తెగాలి. కాబట్టి శని, ఆదివారాల పోలిక రూపాయల్లో పెట్టకండి, టికెట్లలో పెట్టండి.

ఏరియా పట్టికలు పెట్టేవాళ్లకి ఒక సూచన. ట్రేడ్ ఇంకా పాత జిల్లాల మీదే నడుస్తోంది: నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 2022లో వచ్చిన కొత్త జిల్లాలు చూసి నూజివీడుని ఏలూరుతో కలిపి వెస్ట్‌లో వేస్తున్నారు. ట్రేడ్‌లో నూజివీడు కృష్ణానే. అమలాపురం ఎప్పటిలాగే ఈస్ట్.

---

బెంగళూరు_మెగా · 7 అక్టోబర్ 2025

కర్ణాటక గ్రాస్ మీద ఒక సందేహం. అక్కడ 200 గరిష్ఠ రేటు వచ్చింది కదా, మరి ఓజీకి ఎక్కువ రేట్లు ఎలా ఉన్నాయి?

---

సీడెడ్_లెక్క · 7 అక్టోబర్ 2025

సెప్టెంబర్ 12న నోటిఫికేషన్ వచ్చింది, పన్ను కాకుండా 200. 23న కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది. ఓజీ ప్రీమియర్లు 24న. అందుకే బెంగళూరు మల్టీప్లెక్స్‌ల్లో పాత పద్ధతిలోనే రేట్లు నడిచినాయి. కర్ణాటకలో టాక్ పడిపోతే రేట్లు రోజుకో రకంగా మారుతాయి, ఒకే సగటు రేటు వాడొద్దు.

---

కుర్ర_పవనిజం · 24 అక్టోబర్ 2025

నిన్న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది, నాలుగు వారాలకే. హిందీలో వసూళ్లు లేకపోవడానికి ఇదే కారణం అంటున్నారు, నిజమేనా మాస్టారు?

---

లెక్కల_మాస్టారు · 24 అక్టోబర్ 2025

పెద్ద కారణాల్లో ఒకటి. ఉత్తరాదిలో జాతీయ మల్టీప్లెక్స్ చైన్లు హిందీ వెర్షన్‌కి ఎనిమిది వారాల ఓటీటీ గడువు అడుగుతాయి. నాలుగు వారాల ఒప్పందం ఉంటే హిందీ ప్రింట్‌కి ఆ స్క్రీన్లు దొరకవు, మిగిలేవి సింగిల్ స్క్రీన్లు, చిన్న చైన్లు. పుష్ప 2 హిందీ అంకెలతో పోల్చేవాళ్లు ముందు ఈ గడువు చూడాలి.

హిందీ షేర్ లెక్క కూడా వేరు. అక్కడ మల్టీప్లెక్స్‌లకి అద్దె లేదు, పర్సంటేజీ. 2009 ఒప్పందం ప్రకారం నెట్‌లో మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30 డిస్ట్రిబ్యూటర్‌కి. డెఫిసిట్ అనే మాటే రాదు. మన దగ్గర సింగిల్ స్క్రీన్లు అద్దె వద్దు, పర్సంటేజీ కావాలని 2025 మే నెలలో జూన్ 1 నుంచి బంద్ అన్నది కూడా ఇందుకే. తర్వాత ఆ బంద్ జరగలేదు. పర్సంటేజీ వస్తే పైన నేను వేసిన 600 సీట్ల ఉదాహరణలో పది శాతం ఆక్యుపెన్సీ రోజు బయ్యర్‌కి మైనస్ పడదు, 50 శాతం లెక్కన 15 వేలు వస్తాయి. అదే మొదటి రోజు ఆరు లక్షల ముప్పై ఆరు వేలకి బదులు మూడున్నర లక్షల లోపే చేతికొస్తుంది. పెద్ద హీరో సినిమా కొన్న బయ్యర్ అద్దె పద్ధతినే ఎందుకు కోరుకుంటాడో ఈ రెండు అంకెలు పక్కన పెట్టి చూడు.

---

గోదావరి_గట్టు · 24 అక్టోబర్ 2025

క్లోజింగ్ షేర్లు ఏరియాల వారీగా ఎవరి దగ్గరైనా ఉంటే హైర్లు, జీఎస్టీ వేరుగా రాసి పెట్టండి. ఆ రెండూ రాయని పట్టిక ఈ థ్రెడ్‌లో వద్దు.